గడియ పడే తలుపు
మండల సమాఖ్య వార్షిక మహాసభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం

 కొందరు పిల్లలను చంకనేసుకొని వచ్చారు, కొందరు ఒకరోజు కూలి వదులుకొని వచ్చారు. పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అన్న లెక్కలు ఇంతకుముందే చదివి వినిపించారు. ఆ లెక్కల్లో ఎక్కడా రాయని ఒక సంగతి చెప్పడానికి మేము నిలబడ్డాం. అది మన ఇంటి తలుపు సంగతి.

నవ్వకండి. మేము కూడా మొదట నవ్వినవాళ్లమే.

ఈ ఏడాది ఒక గ్రామ సంఘం నుంచి మాకు ఒక అప్పు దరఖాస్తు వచ్చింది. 20,000 రూపాయలు కావాలని, కొత్త దర్వాజ, తలుపు పెట్టుకోవడానికని రాసి ఉంది. అప్పు ఇచ్చేముందు ఇల్లు చూడాలి కాబట్టి ముగ్గురం వెళ్లాం. తలుపు కింది మూల నేలకు రాసుకొని బండ మీద గీత పడింది. గడియ దాని రంధ్రానికి రెండు వేళ్లు కిందికి దిగింది. పైబందు చూస్తే, నాలుగు మరలు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. ఆ రెండింటిలో ఒకటి వేలితో తిప్పితే తిరుగుతోంది. తలుపు చెక్క మాత్రం రాయిలా గట్టిగా ఉంది. మాతో వచ్చిన ఒక అక్క తండ్రి వడ్లాయన. ఆమె చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చొని చూసిన పని గుర్తు తెచ్చుకొని నాలుగు మరలు తెప్పించి బిగించింది. అరగంటలో గడియ పడింది. దరఖాస్తు పెట్టిన చెల్లె కాగితం చేతిలో పట్టుకొని, "అయితే ఈ అప్పు నాకెందుకక్కా?" అని వాపసు తీసుకుంది.

20,000 అప్పు నూటికి నెలకు రూపాయి వడ్డీతో, నెలకు వెయ్యి చొప్పున ఇరవై నెలల్లో తీర్చితే వడ్డీ 2,100 అవుతుంది. బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే అదే పద్ధతిలో 6,300. మొత్తం అప్పు మూడు మరల కోసం.

కథ అక్కడితో అయిపోతే మేము ఇక్కడ నిలబడేవాళ్లం కాదు. ఆ శబ్దం విని పక్కింటి పెద్దమ్మ వచ్చింది. ఆమె మన సంఘం మొదటి రోజుల నుంచి సభ్యురాలు. కొడుకు, కోడలు పని కోసం పూణే పోయారు. "బిడ్డా, నా తలుపు కూడా ఒకసారి చూడుండ్రి" అంది. పోయి చూస్తే ఆమె తలుపుకు గడియే లేదు. తుప్పు పట్టి విరిగిపోయింది. రాత్రి పడుకునే ముందు ఇసుర్రాయి పైరాయిని దొర్లించుకొచ్చి తలుపుకు అడ్డం పెట్టుకుంటోంది. ఎన్ని రోజుల నుంచి అని అడిగితే, "పోయిన కారు పంట కోసినప్పటి సంది" అంది. ప్రతి వారం మీటింగుకు వచ్చావు కదా, ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదంటే ఆమె ఏమందో తెలుసా? "తలుపు సంగతి మీటింగుల చెప్పేదా బిడ్డా?"

ఆ మాట మాకు సూదిలా గుచ్చుకుంది. తప్పు ఆమెది కాదు. పొదుపు కట్టావా, కిస్తీ కట్టావా అని వారం వారం అడిగాం. రాత్రి నిద్ర పడుతోందా అని ఒక్కనాడూ అడగలేదు.

అక్కలారా, మన ప్రాంతానికి తలుపు విలువ కొత్తగా చెప్పక్కర్లేదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వచ్చినప్పుడు, 1981లో, ఇటు మహబూబ్‌నగర్, అటు కర్నూలు జిల్లాల్లో కృష్ణ ఒడ్డున వందకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. మన కొల్లాపూర్ తాలూకాలోనూ ఎన్నో కుటుంబాలు లేచి వచ్చాయి. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని రాయి రాయి విప్పి ఎత్తైన చోటికి తెచ్చి మళ్లీ కట్టారు. గుడిని ప్రభుత్వం తెచ్చింది. ఇంటిని ఎవరు తెస్తారు? మట్టిగోడలు అక్కడే కరిగిపోయాయి. మన అమ్మలు, అత్తలు చెప్పే మాట ఒకటే: విప్పి తేగలిగినవి దూలాలు, దర్వాజలు, తలుపులే. బండి మీద దర్వాజ పెట్టుకొని వచ్చి, కొత్త ఊర్లో ముందు దాన్ని నిలబెట్టి, తర్వాత దాని చుట్టూ గోడ లేపుకున్నారు. అలాంటి దర్వాజలు ఇప్పటికీ మనలో కొందరి ఇండ్లలో ఉన్నాయి. మనది దర్వాజను మోసుకొచ్చిన తల్లుల ప్రాంతం. అలాంటి మనం నాలుగు మరలు బిగించడానికి మగవాళ్ల కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నాం.

మగవాళ్లు ఊర్లో ఉంటే సరే. పాలమూరు వలస సంగతి లోకానికంతా తెలుసు. ముంబై, పూణే, హైదరాబాద్ పోయినవాళ్లు పండగకో పబ్బానికో వస్తారు. ఇంట్లో ఉండేది మనం, ముసలివాళ్లు, పిల్లలు. తలుపు తీసేది మనమే, వేసేది మనమే, గడపకు పసుపు రాసేది మనమే. అందుకే బాగుచేసే పని కూడా మన చేతికి రావాలి. ఇది పెద్ద విద్య కాదు. ఈ ఏడాది మేము చేసి నేర్చుకున్నవి, చెడగొట్టి నేర్చుకున్నవి రెండూ చెబుతాం.

మాట కలిసేందుకు ముందు పేర్లు చెప్పుకుందాం. దర్వాజ అంటే గోడలో నిలబెట్టిన చట్రం. తలుపు అంటే తెరిచి మూసే రెక్క. రెండింటినీ కలిపేవి బందులు. దుకాణంలో హింజెస్ అని అడిగినా ఇస్తారు. పాత ఇండ్ల రెండు రెక్కల తలుపులకు బందులే ఉండవు. రెక్క చెక్కకే పైనా కిందా ముక్కులు చెక్కి, గుంతల్లో తిరిగేటట్టు పెట్టేవారు. అలాంటి తలుపు ఉన్నవాళ్లు దాన్ని పారేయకండి, ఆ చెక్క ఇప్పుడు కొనాలంటే దొరకదు.

మొదటిది, కుంగిన తలుపు. తలుపు బరువును ఎక్కువగా లాగి పట్టుకునేది పైబందు. కింది బందు మీద తలుపు ఒత్తుకొని నిలబడుతుంది. అందుకే తలుపు నేలకు రాసుకుంటే కిందికి చూడకండి, తల ఎత్తి పైబందు చూడండి. తలుపు తెరిచి, దాని కొస కింద చెక్క ముక్కలు దూర్చి ఎత్తితే బందు మీద బరువు తగ్గుతుంది. అప్పుడు మరలు బిగించండి. మర తిరుగుతూనే ఉండి పట్టకపోతే రంధ్రం పెద్దదయిందని అర్థం. ఆ మర తీసి, మందు కొస విరిచేసిన అగ్గిపుల్లలను ఫెవికాల్‌లో ముంచి రంధ్రం నిండా దిగ్గొట్టండి. ఒక రాత్రి ఆరనిచ్చి, బయటికి వచ్చిన ముక్కలు కోసేసి, అదే మర మళ్లీ బిగిస్తే గట్టిగా పడుతుంది. అన్ని మరలూ ఒకేసారి విప్పకండి. తలుపు మీద పడుతుంది. ఒకటి తీసి, ఒకటి బిగించి, రెండోదానికి పోవాలి. పక్కన ఇంకొకరు తలుపు పట్టుకొని ఉండాలి.

రెండోది, పడని గడియ. చాలామంది చేసే పని రంధ్రాన్ని కొట్టి పెద్దది చేయడం. మేమూ అదే చేశాం. తలుపు కుంగినందువల్ల గడియ దిగిపోయినప్పుడు రంధ్రం పెద్దది చేస్తే, వచ్చే ఏడాది ఇంకా దిగుతుంది, ఇంకా పెద్దది చేయాలి. చివరికి గడియ గుంతలో గిలగిల ఆడుతుంది. ముందు పైబందు సరిచేయాలి. ఆ తర్వాత కూడా పడకపోతే గడియ కొసకు కొంచెం కుంకుమ తడి చేసి రాసి, తలుపు మూసి గడియ నెట్టండి. ఎక్కడ బొట్టు పడితే అక్కడ తగులుతోందని తెలుస్తుంది. ఆ వైపు మాత్రమే ఆకురాయితో కొంచెం రాయాలి.

మూడోది, వానలకు ఉబ్బిన తలుపు. చెక్క గాలిలోని తేమను తాగి ఉబ్బుతుంది, ఎండకు ఆరి ముడుచుకుంటుంది. ఇక్కడ మేము చేసిన తప్పు చెప్పాలి. శ్రావణంలో ఒక తలుపు బిగుసుకుందని చిత్రిక పట్టించాం. అప్పుడు చక్కగా పడింది. సంక్రాంతి వచ్చేసరికి తలుపుకు, దర్వాజకు నడుమ వేలు దూరేంత సందు. చలిగాలి, దుమ్ము అన్నీ లోపలికే. కాబట్టి వానల్లో తొందరపడి చెక్క కోయకండి. ఎక్కడ రాసుకుంటోందో చూసి, అక్కడ కొవ్వొత్తి గానీ ఎండిన సబ్బు ముక్క గానీ రుద్దండి. చాలకపోతే ఉప్పు కాగితంతో కొంచెం అరగదీయండి. అసలు పని ఎండాకాలంలో ఉంది. తలుపు బాగా ఆరాక రంగు వేసేటప్పుడు పైఅంచుకు, కిందంచుకు కూడా వేయండి. కనబడవు కదా అని రంగు వేసేవాళ్లు ఆ రెండు అంచులను వదిలేస్తారు. చెక్క ఎక్కువ నీళ్లు తాగేది అక్కడే. తలుపు విప్పినప్పుడే కింది అంచుకు రంగు వేయడం వీలవుతుంది.

నాలుగోది, ఇనుప రేకు తలుపు. ఇది ముందు కింది భాగంలో తుప్పు పడుతుంది. నీళ్లు చల్లినప్పుడు తడిసి, ఆరకుండా ఉండేది అక్కడే. తుప్పు కనబడిన ఏడాదే ఉప్పు కాగితంతో గీకి, పొడి గుడ్డతో తుడిచి, రెడ్ ఆక్సైడ్ ఒక పూత, అది ఆరాక రంగు రెండు పూతలు వేస్తే తలుపు నిలుస్తుంది. తుప్పు మీదే రంగు వేస్తే రంగు కిందే తుప్పు పెరుగుతుంది. రేకుకు చిల్లులు పడితే వెల్డింగ్ షాపుకు తీసుకుపోవాలి. అది మన పని కాదు.

ఐదోది, చెద. దర్వాజ కాళ్ల దగ్గర సన్నని మట్టి గీత పైకి పాకుతుంటే అది చెద దారి. చెక్కను గోటితో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే లోపల తినేసింది. మట్టి గీత చెరిపేస్తే సరిపోదు, పుట్ట నేలలో ఉంటుంది, మళ్లీ వస్తుంది. తలుపు పక్కన కట్టెల మోపు, పిడకలు, పాత సంచులు పెట్టకండి. గోడ దగ్గర నీళ్లు నిలవనీయకండి. చెద మందు విషం. తెలిసినవాళ్లతోనే కొట్టించాలి, పిల్లలను, కోళ్లను దూరంగా ఉంచాలి. కొత్త దర్వాజ నిలబెట్టేటప్పుడు గోడకు ఆనే వైపు, కాళ్లకు తారు పూయించండి. కాళ్లను మట్టిలో పాతించకండి, బండ మీదో సిమెంటు మీదో నిలబెట్టించండి.

ఆరోది, తలుపు కింది సందు. మన ఇండ్లు చాలావరకు చేల పక్కన ఉన్నాయి. వానాకాలంలో తేళ్లు, పాములు, ఎలుకలు వచ్చేది ఆ సందులోంచే. పాత లారీ ట్యూబు నుంచి తలుపు వెడల్పున పట్టీ కోసి, సన్నని చెక్క రీపు పెట్టి తలుపు కిందంచుకు లోపలివైపు మేకులు కొట్టండి. రబ్బరు నేలకు ఆనీ ఆననట్టు ఉండాలి. ఎక్కువ ఆనితే తలుపు తిరగదు.

ఈ ఆరు పనులకూ కావలసిన మరలు, నూనె, ఒక జత బందులు కలిపి కొన్నా కోడిపెట్ట ధర కాదు. ఒక అలవాటు చేసుకోండి. శుక్రవారం గడపకు పసుపు రాసేటప్పుడు ఒక్కసారి తల ఎత్తి పైబందు చూడండి. గడప కడిగాక తలుపు అడుగును పొడి గుడ్డతో తుడవండి. నెలకోసారి బందుల్లో రెండు చుక్కలు మిషను నూనె వేయండి. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్లకు జిగురు పట్టి దుమ్ము చేరుతుంది.

ఇప్పుడు మాట్లాడడానికి సిగ్గుపడే తలుపు గురించి చెప్పాలి. మరుగుదొడ్డి తలుపు. 2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక ఇంటికి 12,000 రూపాయల చొప్పున ప్రోత్సాహకం వచ్చింది, మన ఊర్లలో చాలామంది కట్టుకున్నారు. గోడలు నిలిచాయి. రేకు తలుపులు మాత్రం చాలా చోట్ల కింద తుప్పు పట్టి ఊడిపోయాయి. ఒక గ్రామ సంఘంలో ఇంటింటికీ తిరిగి చూసినప్పుడు, దొడ్డి ఉండి కూడా వాడని ఇండ్లు కనిపించాయి. అడిగితే "నీళ్లు లేవు" అన్నారు. ఇంకాస్త దగ్గర కూర్చొని అడిగితే "తలుపు పడదక్కా" అన్నారు. తొమ్మిదో తరగతి చదివే ఒక బిడ్డ తలుపుకు కట్టిన తాడు కొసను చేతిలో పట్టుకొని లోపల కూర్చుంటోంది. ఒక అమ్మ చీకటి పడేదాకా ఆపుకుంటోంది. అందుకోసం పగలు నీళ్లు తాగడమే తగ్గించింది. నీళ్లు తక్కువ తాగి, గంటల తరబడి ఆపుకుంటే మూత్రంలో మంట, జ్వరం వస్తాయని ఏఎన్ఎం అక్కలు ఎన్నిసార్లో చెప్పారు. రోగానికి మందు తెచ్చుకుంటున్నాం గానీ, దానికి మూలమైన గడియను చూడడం లేదు.

అందుకని మేము చెప్పేది, ఇంట్లో ఒక్క తలుపే బాగుచేయగలిగితే ముందు మరుగుదొడ్డి తలుపు బాగుచేయండి. కొత్తది పెట్టేవాళ్లు ప్లాస్టిక్ తలుపు పెట్టుకుంటే తుప్పు పట్టదు, చెద పట్టదు. దానికి ఎండ మాత్రం నేరుగా తగలనీయొద్దు. ఆ తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ముసలివాళ్లు జారి పడితే లోపలికి తెరిచే తలుపుకు మనిషే అడ్డం పడతారు, నెట్టినా రాదు. లోపలి గడియ చిన్నపిల్లకు కూడా అందే ఎత్తులో ఉండాలి. పెద్దవాళ్లున్న ఇంట్లో, అవసరమైతే బయట నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టుకోవాలి.

ఇంటి ముందు తలుపు కొత్తగా పెట్టుకునేవాళ్లకు నాలుగు మాటలు. కొనేముందు చెక్క మీద రంగు కాదు, బరువు, అంచులు చూడండి. టేకు మంచిదే, ధర ఎక్కువ. బాగా ఆరిన వేప చెక్క మన ఇండ్లకు ఎన్నో ఏండ్లుగా పనికొస్తూనే ఉంది. పచ్చి చెక్క ఏదైనా వంకర పోతుంది. ఫ్లష్ డోరు లోపలి గదులకు సరే, వాన తగిలే చోట పొరలు లేస్తుంది. ఇనుప తలుపు గట్టిది గానీ పడమటి ముఖం ఇంటికి ఎండాకాలంలో కాలుతుంది. బరువు తలుపుకు రెండు కాదు, మూడు బందులు వేయించండి.

వెడల్పు గురించి కూడా ఆలోచించండి. తలుపు తెరిచాక మిగిలే దారి 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు ఉంటేనే చక్రాల కుర్చీ సులువుగా పోతుంది. ఈరోజు మనకు అవసరం లేకపోవచ్చు. మంచం మీద ఎవరినైనా దవాఖానకు మోసుకుపోవాల్సిన రోజు ఆ మూడడుగులు గుర్తొస్తాయి. గడప ఎత్తుగా ఉండి అత్తమామలు తట్టుకొని పడుతుంటే గడప తీసేయక్కర్లేదు. రెండు వైపులా సిమెంటుతో వాలు చేయించండి. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్క. మూడంగుళాల గడపకు మూడడుగుల వాలు. గోడకు పట్టుకునే కమ్మీ ఒకటి బిగిస్తే ఇంకా మంచిది. గడపా ఉంటుంది, కాళ్లూ ఉంటాయి.

తాళం సంగతి. గొళ్ళేన్ని తలుపుకు పట్టించిన మరలు తాళం వేశాక కూడా బయటికి కనబడుతుంటే, తాళం ఎంత పెద్దదైనా లాభం లేదు. దొంగ తాళం ముట్టుకోడు, మరలు విప్పుతాడు. మరలకు బదులు అవతలి వైపు నట్టు బిగించే బోల్టులు వేయించండి. బందులు కూడా బయటికి కనబడకూడదు, వాటి సీలలు ఊడగొడితే తలుపే చేతికొస్తుంది. తాళం బిగుసుకుంటే నూనె పోయకండి, పెన్సిల్ ముల్లు గీకిన పొడిని తాళంచెవికి అద్ది తిప్పండి.

వలస పోయేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. నెలల తరబడి మూసిన తలుపును చెద నెమ్మదిగా తింటుంది. పోయేముందు తలుపు పక్కనున్న కట్టెలు, సంచులు తీసేయండి. బందులకు నూనె వేయండి. తాళంచెవి నమ్మకమైన సంఘ సభ్యురాలికి ఇచ్చి, పదిహేను రోజులకోసారి తలుపులు తెరిచి గాలి ఆడనివ్వమని చెప్పండి. బంగారం, పట్టా పాస్‌బుక్కు, పిల్లల సర్టిఫికెట్లు ఇంట్లో వదిలి పోకండి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు తర్వాత బాధపడి ఏం లాభం?

ఈ మాటలు ఒక మీటింగులో చెబుతుంటే వెనక నుంచి ఒక చెల్లె లేచి, "అక్కా, తలుపు మంచిగనే ఉంది. నన్ను బయటికి నెట్టి లోపల గడియ పెట్టుకుంటే ఏం చెయ్యాలె?" అంది. సభంతా గమ్మున అయిపోయింది. ఆ గడియ స్క్రూడ్రైవర్‌తో సరికాదు. దానికి చట్టం ఉంది. 2005లో వచ్చిన గృహహింస చట్టం ప్రకారం, ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు ఆడమనిషికి ఉంది. కోర్టు ఉత్తర్వు లేకుండా బయటికి నెట్టే హక్కు ఎవరికీ లేదు. 181 నంబరుకు ఫోన్ చేయవచ్చు. దానికంటే ముందు సంఘానికి చెప్పండి. ఆ రాత్రి ఆ చెల్లె కోసం తెరుచుకునే తలుపు మనలో ఒకరిదై ఉండాలి.

ఇవన్నీ నేర్చుకోమంటున్నాం గదా, వడ్లాయన పొట్ట కొట్టడానికి కాదు. దర్వాజ గోడను వదిలేసినా, కాళ్లు కుళ్లినా, చట్రం వంకర పోయినా, తలుపును విప్పి కోయాల్సి వచ్చినా ఆయననే పిలవాలి. కూలి పూర్తిగా ఇవ్వాలి. పక్కన కూర్చొని చూడండి, అడిగి తెలుసుకోండి. మేము అడిగిన ప్రతిచోటా వడ్లాయనలు సంతోషంగా చూపించారు. "చిన్న మరకు పిలిస్తే నాకూ పని చెడుతది, నేర్చుకోండమ్మా" అన్నారు ఒక పెద్దాయన.

ఇక సమాఖ్య తరఫున మేము అడిగేవి మూడు. మనకు ప్రతి సంఘానికీ పుస్తకాల పెట్టె ఉంది. దాని పక్కన ప్రతి గ్రామ సంఘంలో ఇంకో పెట్టె పెడదాం. అందులో రెండు రకాల స్క్రూడ్రైవర్లు, సుత్తి, కటింగ్ ప్లేయరు, చిన్న రంపం, ఆకురాయి, కొలిచే టేపు, ఉప్పు కాగితం, మిషను నూనె, ఫెవికాల్, నాలుగు సైజుల మరలు. తీసుకున్నవాళ్లు పుస్తకంలో సంతకం పెట్టాలి, అప్పులాగే వాపసు ఇవ్వాలి. ఇది మొదటిది.

రెండోది, తలుపు కోసం అప్పు దరఖాస్తు వస్తే ఇద్దరు సభ్యులు పోయి చూడాలి. మరలతో అయ్యేదానికి అప్పు వద్దని చెప్పాలి. నిజంగా కొత్త తలుపు కావాల్సిన చోట ఆలస్యం చేయకుండా ఇవ్వాలి. ముందు వరుసలో ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు, ఆడపిల్లలున్న ఇండ్ల మరుగుదొడ్లు ఉండాలి.

మూడోదానికి పైసా ఖర్చు లేదు. మీటింగులో పొదుపు, కిస్తీ అడిగాక ఇంకొక్క ప్రశ్న అడగండి: "మీ ఇంటి గడియ పడుతోందా?" ఎవరూ చెప్పరని అనుకోకండి. అడిగితే చెబుతారు. అడగనందుకే ఆ పెద్దమ్మ అన్ని నెలలు ఇసుర్రాయి దొర్లించింది.

ఆ పెద్దమ్మ తలుపుకు ఆరోజే కొత్త గడియ బిగించి వచ్చాం. మళ్లీ వారం మీటింగుకు ఆమె అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. ఎట్లున్నావు పెద్దమ్మా అంటే, "ఇసుర్రాయి దాని జాగల అది ఉంది. నేను నా జాగల పండుకున్న" అంది. ఈ ఏడాది మా నివేదికలో రాయడానికి ఇంతకంటే మంచి లెక్క మాకు దొరకలేదు.

ఇంటికి పోయాక ఈ రాత్రి గడియ వేసేటప్పుడు ఒక్కసారి చూసుకోండి. మీది సరిగా పడితే, పక్కింటి తలుపు తట్టి అడగండి. సెలవు.